రెండో రీలు మొదట్లో మనిషి

కిరండూల్ గని కాలనీలో శనివారం శనివారం సినిమా వేసే యేసుపాదం, ఫిల్ము డబ్బా మూత తీసేముందు సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కునేవాడు. ఆ ఊరి గాలిలోనే ఎర్రదుమ్ము. పొద్దున ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి ఇటుకరంగు తేలేది. ఆ దుమ్ము ఒక్క రేణువు ఫిల్ముతో పాటు మిషన్లోకి పోయిందంటే బొమ్మ పొడవునా గీత పడిపోతుంది. "మనిసికి గాయమైతే మానుతాది. దీనికి మానదు," అనేవాడు. పని గురించి అతను మాట్లాడిందల్లా ఆ రెండు ముక్కలే.

తండ్రి బొబ్బిలి దగ్గర నుంచి గ్యాంగ్‌మన్‌గా వచ్చినవాడు. రైలు లైను కొండలు తొలుచుకుంటూ కిరండూల్ చేరేసరికి ఆయన పోయాడు. కొడుకు గని కాలనీలో కరెంటు పనికి చేరాడు. క్లబ్బుకి పదహారు మిల్లీమీటర్ల ప్రొజెక్టరు వచ్చినప్పుడు, తెచ్చినవాడు ఒకపూట చూపించి బస్సెక్కేశాడు. యేసుపాదం దాన్ని మూడుసార్లు విప్పి, మూడుసార్లు బిగించి నేర్చుకున్నాడు. భార్య దేవుడమ్మ ఇక్కడికి వచ్చిన రెండో వానాకాలంలో జ్వరం తలకెక్కి చనిపోయింది. పిల్లల్లేరు. క్వార్టరులో ఒక మంచం, ఒక కిరసనాయిలు స్టవ్వు, గోడకి సిలువ. తలుపు ఓరగా వేసి వుండేది. లోపల్నుంచి మాట వినిపించేది కాదు.

మాట్లాడేదంతా శనివారం మైకులో మాట్లాడేవాడు.

అది జపాను సినిమాతో మొదలైంది. ఇక్కడి ఇనుపరాయి రైలెక్కి విశాఖపట్నం, అక్కడ ఓడెక్కి జపాను పోతుంది. రాయి కొనుక్కునే ఆ దేశం వాళ్ళు ఒకసారి చూడటానికి వచ్చి, క్లబ్బుకి ఒక సినిమా కానుకగా ఇచ్చిపోయారు. నలుపు తెలుపు బొమ్మ, మూడు రీళ్ళు. యజమాని చనిపోయి దిక్కులేకుండా తిరుగుతున్న ఒక ముసలి కత్తివీరుడు, ఉప్పు మూటలు మోసే కూలీలకు కాపలాగా కొండదారి పడతాడు. దారి పొడుగునా దొంగలు. చివరికి ఉప్పు చేరుతుంది, ఆయన చేరడు. అంతే కథ.

జపాను మాట ఎవరికీ రాదు. కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదవగలిగినవాళ్ళు ముందువరస కుర్చీల్లో నలుగురు. మిగతా ఐదారువందల మంది నేలమీద. అందుకని యేసుపాదం మైకు పట్టుకుని ఒక ముక్క హిందీలో, ఒక ముక్క అక్కడి కొండపల్లెల వాళ్ళ హల్బీలో, రైల్వే వాళ్ళ ఆడవాళ్ళు అరిస్తే ఒక ముక్క తెలుగులో చెప్పేవాడు. కత్తి దూసిన ప్రతిసారీ గొంతు పెంచేవాడు.

ఆ సినిమా ఏడాదికి ఏడెనిమిదిసార్లు ఆడింది. వేరే డబ్బా రాని వారమల్లా అదే. జనం విసుక్కోలేదు. కొండ కింది పల్లెల వాళ్ళయితే అదే బాగుందనేవారు. హిందీ సినిమాల్లో అడవి మనుషులంటే ఈకలు కట్టుకుని మంట చుట్టూ గెంతేవాళ్ళు. అవి వచ్చినప్పుడు ముందు కుర్చీలు నవ్వేవి, నేలమీద కూచున్నవాళ్ళు చుట్టలు వెలిగించుకునేవారు. జపాను బొమ్మలో మాత్రం వెదురు గంపలు, గడ్డికప్పు ఇళ్ళు, తలమీద ఆకుల గొడుగు. కత్తి పట్టినవాడు పరాయివాడే. వెనక మూట మోసేవాళ్ళు మాత్రం చూసిన మనుషుల్లా వుండేవారు.

క్లబ్బు గోడవారన పైడమ్మ టీ బండి. ఆమె మొగుడు రైల్వే పాయింట్స్‌మన్. ఆమెదీ యేసుపాదం వాళ్ళలాగే విజయనగరం వైపే.

"ఏటి తమ్ముడా, ఈ వారం కూడా ఆ కత్తి తాతేనా? ఆడు ఇంకా కొండ దిగలేదేటి?"

"వేరే డబ్బా రాలేదప్పా."

"రాకపోతే పోయింది. ఆడి దెబ్బలాట నాకు నోటికొచ్చీసింది. పకోడీ ఏగీలోగా ఇద్దరు సస్తారు, టీ మరిగీలోగా ముగ్గురు. నీ మైకు వినే నేను గ్లాసులు కడుగుతాను."

"మరి డబ్బులియ్యి నాకు."

"టీ తాగుతున్నావు కాదేటి!"

ఆ నేలమీద కూచునే వాళ్ళలో బుధ్రి ఒకతె. కొండ కింది పల్లె నుంచి శనివారం మధ్యాహ్నం బయల్దేరి, చింతపండు, సారపప్పు గంపతో నాలుగు గంటలు నడిచి వచ్చేది. సినిమా చూసి, బజారు రేకుల కింద పడుకుని, ఆదివారం సంతలో అమ్ముకుని పోయేది. యాభై దాటిన మనిషి. ప్రొజెక్టరు గదికి ఎదురుగా, నరికిన మద్దిచెట్టు మోడు పక్కన కూచునేది. యేసుపాదానికి ఆమె వీపు తెలుసు. వేసేవాడికి అందరి వీపులే కనిపిస్తాయి.

ఒక శనివారం సినిమా అయ్యాక బుధ్రి గది కిటికీ దగ్గరకొచ్చి నిలబడింది.

"బాబూ, ఒకటి అడుగుతాను, కోప్పడకు."

"అడుగు దాయీ." ఇద్దరూ మాట్లాడుకునేది హల్బీలో, దాయీ అంటే అమ్మా అని.

"ఆ వంతెన పిల్లతో నీకేమన్నా తగువయిందా?"

"ఏ పిల్ల?"

"వంతెన మీద అందరికంటే ఆఖరున గంప మోసుకుపోయే పిల్ల. ఇదివరకు ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి చూసేది. కిందటి వానలనుంచి తిరగటం లేదు. వీపు చూపించి పోతోంది."

యేసుపాదం నవ్వాడు. "ఇది నాటకం కాదు దాయీ. అచ్చు గుద్దిన బొమ్మ. ఎన్నిసార్లు వేసినా అదే. దానంతట అది మారదు."

"నేనూ అదే అంటున్నాను," అంది బుధ్రి. "దానంతట అది మారదు. మరెవరు మార్చారు?"

గంప నెత్తికెత్తుకుని బజారు వైపు వెళ్ళిపోయింది.

యేసుపాదానికి వంతెన గుర్తుంది. మొదటి రీలు వంతెన మీద కూలీల బారుతో అయిపోతుంది. అప్పుడు దీపాలు వేసి, రీలు మార్చాలి. రెండో రీలు అదే వంతెన మీద మొదలవుతుంది. ఆడపిల్ల ఎక్కడుంది అందులో? ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. ఎందుకు గుర్తు లేదో ఆలోచిస్తే తెలిసింది. కొత్త రీలు ఎక్కించగానే బొమ్మ మసకగా పడుతుంది. అద్దం తిప్పి సరిచెయ్యాలి, గొంతు ఎక్కువ తక్కువ చూడాలి. తలెత్తేసరికి ముసలి వీరుడు పొగమంచులో నడుస్తూ వుంటాడు. ఐదేళ్ళుగా ఆ బొమ్మను తనే వేస్తున్నాడు. రెండో రీలు మొదటి పది సెకన్లు ఒక్కసారి కూడా చూడలేదు.

మర్నాడు ప్రార్థన అయ్యాక గుడినుంచి నేరుగా క్లబ్బుకి వచ్చాడు. చేతులు కడుక్కుని, రెండో రీలు తీసి, కిటికీ వెలుగులో భూతద్దం పెట్టి చూశాడు. మొదటి బొమ్మలోనే ఒక వీపు. గంప. బారునుంచి నాలుగడుగులు వెనకబడిన మనిషి. తిరగటం లేదు. అటు పోతోంది.

అప్పుడు అరమీద బిస్కట్ల రేకు పెట్టె వైపు చూశాడు.

ఫిల్ము మొదట్లో కొన్ని గజాలు బొమ్మలేని తెల్ల పట్టీ అతికించి వుంటుంది. మిషన్లోకి తొడిగేటప్పుడు నలిగినా చిరిగినా అదే చిరుగుతుంది, బొమ్మకి దెబ్బ తగలదు. దాన్ని లీడరంటారు. ఈ ప్రింటు లీడరు రెండేళ్ళకే ముక్కలయిపోయింది. కొత్తది కావాలని స్టోరుకి కాగితం పెట్టాడు. రాలేదు. మళ్ళీ పెట్టాడు. ఈలోపు శనివారాలు ఆగవు కదా. తొడిగినప్పుడల్లా మొదట్లో నాలుగు బొమ్మలో, ఐదు బొమ్మలో చిరిగేవి. కత్తిరించి ముందుకి పోయేవాడు. సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు, నాలుగు పోతే ఎవరికి తెలుస్తుంది? కానీ పారెయ్యటం అలవాటు లేదు. ప్రతి ముక్కనీ కాగితంలో మడిచి, తారీకు వేసి, ఆ పెట్టెలో పెట్టాడు.

మూడు రీళ్ళవీ కలిసి ఉన్న ఆ పొట్లాల్లో రెండో రీలువి ఇరవై మూడు. తారీకుల వరసన బల్లమీద పరిచి భూతద్దంతో ఒక్కొక్కటే చూశాడు. మొదటి పొట్లాల్లో వీపు. తర్వాత మెడ తిరగటం మొదలైంది. తర్వాత చెంప. ఒక చెయ్యి గంప అంచుమీదికి పోయింది. తొమ్మిదో పొట్లం నుంచి పద్ధెనిమిదో దాకా ముఖం. నిండుగా, సూటిగా, చూస్తున్నవాడి వైపే. పంతొమ్మిదిలో మళ్ళీ అటు తిరిగింది.

తన కత్తెరతోనే. నాలుగేసి బొమ్మల చొప్పున.

కత్తివీరుడికి ఒక్క గీత కూడా పడలేదు. ఆయన ఎప్పుడూ రీలు నడుమన వుంటాడు. కథ మొదలెట్టేముందు, ముగించేముందు చూపించే మనుషులే రీలు అంచుల్లో వుంటారు. చెయ్యి తగిలేది అక్కడే. అరిగేదీ అక్కడే.

సంత విడిపోకముందే బుధ్రిని వెతుక్కుంటూ వెళ్ళాడు. దారిలో అతనికి ఒక భయం పట్టుకుంది. బుధ్రి కూతురి సంగతి కాలనీలో కొందరికి తెలుసు. పేరు సుక్రి. రైలు లైను వేసేటప్పుడు మట్టి మోయించే మేస్త్రీతో సొరంగాల పనికి పోయింది, తిరిగి రాలేదు. లైను మీద పోయిన రాయి జపాను చేరుతుంది. జపాను బొమ్మలో గంప మోసే పిల్ల. ఈ ముసలమ్మ ఏమనుకుంటోందో? మైకులో ఇన్నేళ్ళు నోటికొచ్చిన కథలు చెప్పింది తనే కదా.

చింతపండు ముందు గొంతుక్కూచున్నాడు. "దాయీ, తప్పు నాదే. ఆ పిల్ల ముఖం నా చేతిలోనే పోయింది. కానీ ఒక మాట. అది వేరే దేశం పిల్ల. పాత సినిమా. నీ సుక్రి..."

బుధ్రి అతని మొహంలోకి చూసి పకపకా నవ్వింది. పక్కన ఉప్పు అమ్మేవాడు కూడా తలతిప్పి చూశాడు.

"రాయితో పాటు నా పిల్ల కూడా ఓడెక్కి జపాను పోయిందనుకుంటున్నాననుకున్నావా? ఆ కొండమీద మొదట గంపలతో రాయి మోసినవాళ్ళలో నేనున్నాను బాబూ. రాయి ఎటు పోతుందో, మనుషులు ఎటు పోతారో నాకు తెలుసు."

తర్వాత నవ్వు ఆపింది.

"సుక్రి కూడా గంపతో పోయేటప్పుడు మెడ ఒక్కటే తిప్పేది కాదు. చెయ్యి గంపమీద వేసి, నడుముతో సహా తిరిగేది. నేను వాకిట్లోంచి పిలిచాను, అలాగే తిరిగి చూసింది. మాకు ఫోటోలు ఎక్కడివి? నాకు ఆ తిరగటం చూస్తే చాలు. ఆ తర్వాత వాళ్ళు కత్తులతో నరుక్కుంటే నాకేం, బతికితే నాకేం."

యేసుపాదం పావుసేరు చింతపండు కొన్నాడు. క్వార్టరులో పోయిన నెల కొన్నది ఇంకా అలాగే వుంది.

సోమవారం క్లబ్బు సెక్రెటరీ రామనర్సయ్య కబురు పెట్టాడు. భోపాల్‌పట్నం మనిషి, గని ఆఫీసులో గుమాస్తా.

"ఏంది యేసుపాదం, ఆ జపాను బొమ్మ బాగనే నడుస్తున్నదా? వచ్చే శనివారం జపాను సార్లు వస్తున్నరు. వాళ్ళ ముందర వాళ్ళ బొమ్మే వెయ్యాలె. ఆదివారం పొద్దున ఇంకో గని క్లబ్బుకు పంపుడే. ఇగ మనకు రాదు."

"అలాగేనండి. లీడరు..."

"లీడరు గీడరు నాకు తెల్వదు. సార్ల ముందర తెగిందనుకో, నేను మాట పడాలె, నువ్వు లోడింగ్ ప్లాంటుకు పోవాలె. గట్లుంటది."

లోడింగ్ ప్లాంటంటే దుమ్ములో పని. దాన్ని తప్పించుకోవటం తేలిక. వున్న రీలు వున్నట్టు వేస్తే తెగదు. ముఖం లేదని జపాను సార్లకి తెలియదు, క్లబ్బుకి తెలియదు. బుధ్రి ఒక్కతెకే తెలుసు.

డ్యూటీ దిగాక రోజూ మధ్యాహ్నం రెండింటి నుంచి వెలుగు తగ్గేదాకా పని చేశాడు. ఒక అతుకు పెట్టాలంటే ఒక ముక్క అంచున మందు పూత బ్లేడుతో గీకి, జిగురు రాసి, రెండో ముక్క మీద వేసి బిగించాలి. ప్రతి అతుక్కీ ఒక బొమ్మ పోతుంది. కొన్ని బొమ్మలు పక్కచిల్లులు చిరిగి పనికిరాకుండా వున్నాయి. వేలి కొసతో తడిమి, అతుకు మందంగా వుంటే మళ్ళీ గీకి, ఎండనిచ్చి, చేత్తో మిషను తిప్పి చూసి, పట్టేస్తే విప్పి మళ్ళీ పెట్టాడు. పైడమ్మ టీ తెచ్చి కిటికీలో పెట్టి, "ఎవలి చొక్కాకి అతుకులేస్తున్నావురా నాయినా?" అంటే తలెత్తలేదు. ఆమె సాయంత్రం వచ్చి చల్లారిన గ్లాసు తీసుకుపోయింది.

శుక్రవారానికి అయింది. మొత్తం డెబ్భై బొమ్మలు దక్కాయి. పొడవు ఒక మూర, కాస్త పైన. కాలం మూడు సెకన్ల లోపు. ఆ పిల్ల తిరిగి చూడటం ఆ సినిమాలో వున్నదే అంత. దానికి ముందు, పనికిరాదని రాసేసిన ఒక వార్తాచిత్రం చివరి ఖాళీ పట్టీ కత్తిరించి, రెండు గజాల లీడరు అతికించాడు. ఈ పని మూడేళ్ళ కిందటే చేసుండొచ్చు. స్టోరుకి కాగితాలు రాస్తూ కూచున్నాడు.

శనివారం ముందు కుర్చీలకి తెల్లగుడ్డలు వేశారు. బుధ్రి మోడు పక్కన కూచుంది. మొదటి రీలు అయింది. దీపాలు వేసి, రెండో రీలు తొడిగాడు. మసక రాకుండా అద్దం పగలే సరిచేసి, సున్నంతో గుర్తు పెట్టుకున్నాడు. మీట వేశాడు. రెండు చేతులూ మిషను మీంచి తీసేశాడు. మైకు కట్టేశాడు.

అతుకులు దీపం ముందున్న గేటులోంచి పోతుంటే టకటకమని చప్పుడు. వంతెన. వీపు. గంప. మెడ, చెంప. బొమ్మ రెండుచోట్ల ఎగిరింది. చెయ్యి గంపమీదికి వెళ్ళింది, పిల్ల నడుముతో సహా తిరిగి, చూసింది. కుదుపుకి నేలమీద ఎవరో నవ్వారు. పిల్ల అటు తిరిగి పోయింది. పొగమంచు వచ్చింది.

తెగలేదు.

యేసుపాదం మోడు వైపు చూశాడు. పొగమంచు పోయేదాకా బుధ్రి వీపు కదల్లేదు. సినిమా నడుమన ఎప్పుడూ లేచిపోయే మనిషి కాదు. ఆ వేళ లేచి, గంప సర్దుకుని, మనుషుల మధ్యనుంచి దారి చేసుకుని పైడమ్మ బండి దగ్గరికి పోయి నిలబడింది. మిగిలిన సినిమా వైపు తిరగలేదు.

అయిపోయాక జపాను సార్లలో ఒక పెద్దాయన గదిలోకి వచ్చి వంగి దండం పెట్టాడు. రామనర్సయ్య పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. యేసుపాదం వచ్చీరాని ఇంగ్లీషులో, వంతెన మీది పిల్ల వేసిన మనిషి పేరేమిటని అడిగాడు. పెద్దాయన డబ్బాలో వున్న కాగితం తీసి, పైనుంచి కిందికి వేలుపెట్టి చదివాడు. కత్తి నేర్పినవాడి పేరుంది. గుర్రాలు తోలినవాడి పేరుంది.

"ఏ పిల్ల?" అని అడిగాడు.

వాళ్ళు వెళ్ళాక బుధ్రి వచ్చింది. యేసుపాదం చెప్పదలుచుకున్న మాట వెంటనే చెప్పేశాడు.

"రేపు పొద్దున ఇది పోతుంది దాయీ. మళ్ళీ రాదు. ఆ మూరెడు ముక్క నీకు కత్తిరించిస్తాను. వెలుగులో పెట్టి చూస్తే ముఖం కనిపిస్తుంది. ఎవరికీ తెలియదు."

ఆమె చెయ్యి చాపబోయి, వెనక్కి తీసుకుంది.

"నా చేతిలో అది తిరుగుతుందా?"

"తిరగదు. బొమ్మలన్నీ ఆగి వుంటాయి."

"అయితే వద్దు. అందులోనే వుండనీ. అక్కడ ఇంకెవరైనా చూస్తారు." కిటికీ అంచుమీద కాసిని సారపప్పు పోసి వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున జీపు వచ్చేలోపు యేసుపాదం మూడు డబ్బాలూ తుడిచాడు. రెండో డబ్బా మూతమీద తెల్లరంగుతో ముందు హిందీలో, దాని కింద తెలుగులో రాశాడు. "ఈ రీలు మొదట్లో ఒక మనిషి వుంది. చేతులు కడుక్కుని తొడగండి. లీడరు అరిగితే కొత్తది వెయ్యండి, బొమ్మ కత్తిరించకండి." రంగు ఆరేదాకా డబ్బా ఒళ్ళో పెట్టుకుని మెట్లమీద కూచున్నాడు.

ఆ తర్వాత కూడా తొమ్మిదేళ్ళు శనివారాలు సినిమా వేశాడు. మైకులో చెప్పటం తగ్గించేశాడు. బుధ్రి సంతకి వచ్చేది. సినిమాకి ఉండేది కాదు, వెలుగుండగానే కొండ దిగిపోయేది. ఏ కొత్త డబ్బా వచ్చినా అతను ముందు పగలే ఒకసారి, కిటికీ దగ్గర, ప్రతి రీలు మొదట్లోనూ చివర్లోనూ ఎవరున్నారో భూతద్దంతో చూసి, కొత్త లీడరు అతికించాకే మిషన్లోకి ఎక్కించేవాడు. సాయంత్రం రీలు మొదలవగానే తలెత్తి ఆ పది సెకన్లూ చూసేవాడు. బొమ్మ మసకగా వుందని ముందు కుర్చీల్లోంచి అరిచేవారు. ఆ మనుషుల్ని చూడటం అయ్యాకే అద్దం మీద చెయ్యి వేసేవాడు.